ఆఖరి వరుసల లేసిన చెయ్యి

భువనగిరి చుట్టుపక్కల గులాం నబీ చూడని పెండ్లి లేదు. పిలిస్తే పోయిన పెండ్లిళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కవెట్టొచ్చు. పత్రిక మీద ఆయన పేరు రాసెటోడు లేడు, ఇంటికొచ్చి రమ్మని చెప్పెటోడు లేడు. "భాయ్, పొద్దుగాల్నే రా, మైకు చూస్కోవాలె" అని ఫోన్ చేస్తరు, గంతే. వచ్చినంక ఆ భాయ్ గూడ ఉండదు. "ఓ సౌండ్, జర తక్కువ చెయ్యి." "సౌండాయన ఏడి?" తల్లిదండ్రులు గులాం నబీ అని సక్కటి పేరు వెడితే, దాన్ని ఎత్తి గూట్లె వెట్టి సౌండ్ అని పిలుసుడు ఏం మర్యాదనో నాకైతే తెల్వదు. ఆయన మాత్రం ఏమనుకోడు. ఏమనుకోడని జనం అనుకుంటరు.

రాయగిరి రోడ్డు మీదున్న ఫంక్షన్ హాల్ల ఆయనకు నెల జీతం. స్టేజికి ఎడమ దిక్కు మూలకు, జనరేటర్ రూము తలుపు పక్కన ఆయన జాగా. ఒక బల్ల, బల్ల మీద చప్పుడు పెంచి తగ్గిచ్చే మిక్సరు, దాని వెనుక ఒక ప్లాస్టిక్ కుర్చీ. హాలు కట్టించినోళ్లకు ఏ బుద్ధి పుట్టిందో గని, పెద్ద పెద్ద స్పీకర్లు ముంగటికి మొకం వెట్టి ఉంటయి, ఆయన కుర్చీ వాటి వీపుల దిక్కు ఉంటది. మంది అందరికీ పాట ఇనబడ్తది, మాట ఇనబడ్తది. ఆయనకు మాత్రం దుబ్బు దుబ్బుమని గోడ అదిరే చప్పుడు తప్ప ఏదీ సక్కగ ఇనరాదు. గందుకే ఈ పనికి ఇద్దరు గావాలె. ఒకరు మిక్సరు కాడ, ఒకరు ఆఖరి వరుసల. ఆఖరి వరుసల మనిషి ఇని చెప్తెనే ఇక్కడి మనిషికి తను ఏం చేస్తున్నడో తెలుస్తది.

ఆ రెండో మనిషి ఆయన భార్య జాహేదా.

ఆయనకు సొంత మైకుసెట్టు ఉన్నప్పటి కాలం నుంచే ఆమె పక్కన ఉండె. రిక్షాల బ్యాటరీ, ఆంప్లిఫైరు, రెండు పెద్ద మైకు గొట్టాలు ఏసుకొని ఊర్లు వట్టుకొని తిరిగేది. ఆయన తొక్కుతుంటే ఆమె ఎనుకకెల్లి నూకేది. పెండ్లిళ్లు, ఉర్సులు, వినాయకుడి మండపాలు, ఓట్ల మీటింగులు, ఏదైనా సరే. "మరద్‌తోని మైకులు మోసుకుంట తిరుగుతది, సిగ్గు లేదా" అని గల్లీల ఆడోళ్లు అంటే, "మీ మరద్‌లు మీతోని తిరగనిస్తలేరని కడుపుమంటనా" అనేది. పిల్లలు కాలే వాళ్లకు. అయినా ఇంట్ల ఎప్పుడూ ఏదో ఒక పంచాయితి నడుస్తుండేది. ఇద్దరే ఉండి గంత లొల్లి ఎట్ల చేస్తరని కిరాయికిచ్చిన ఇంటాయన నవ్వేటోడు.

పని కాడ మాత్రం మాటలుండేటియి గాదు. ఆయన మైకు వట్టి "హలో, హలో" అనేటోడు. ఆమె ఆఖరి వరుసల నిలవడి, బాగ వస్తుంటే కుడి చెయ్యి మీదికి లేపేది. ఎక్కువైతే అరచెయ్యి కిందికి అనేది. పాట ఏస్తే మాత్రం ఎంతకూ ఒప్పుకోకపోయేది. ఆయనకు డోలు మంచిగ మోగితే చాలు, ఇక పాట బాగున్నట్టే. ఆమె రెండు చేతులు నడుముకు వెట్టుకొని, ఆడికెల్లే కేకేసేది. "నీ బాజాలు ఎవలికి గావాలె? పాడేటోని గొంతు ఏది?" గొంతు ఇనబడేదాక చెయ్యి లేపకపోయేది. గొట్టాలు పోయి స్పీకర్లు వచ్చినయి, సొంత సెట్టు పోయి ఈ హాల్ల జీతం వచ్చింది, రాష్ట్రం వచ్చింది, ఆ ఆఖరి వరుస మాత్రం ఆమెదే ఉండె.

కరోనా రెండోపారి వచ్చినప్పుడు జాహేదా దవాఖానకు పోయి మల్ల ఇంటికి రాలే. మొకం గూడ సక్కగ చూడనియ్యలే. పెండ్లిళ్లు మల్ల మొదలైనంక నబీ వచ్చి తన కుర్చీల కూసున్నడు. మైకు వట్టి "హలో" అన్నడు, అలవాటు కొద్ది తలెత్తి ఆఖరి వరుస దిక్కు చూసిండు. ఏముంటది, కుర్చీలు. ఆ నాడు కూసోని ఏడ్సిండు. హాలు సాఫ్ చేసేటోళ్లు ఉన్నరని గూడ చూడకుండ ఏడ్సిండు.

గప్పటి నుంచి ఆయనొక్కడే రెండు పనులు చేస్తుండు. పాట వెడ్తడు, హాలంత నడుసుకుంట ఆఖరి వరుసకు పోతడు, ఇంటడు, మల్ల వచ్చి ఒక బటన్ తిప్పుతడు, మల్ల పోతడు. మోకాళ్లు నొస్తయి. టిఫిన్లు వడ్డించే పోరగాళ్లను చెయ్యి లేపుమంటే లేపుతరు. కని ఆయన అడగడు. గా జాగల ఇంకొక మనిషిని నిలవెట్టబుద్ధి కాలే, అది అసలు సంగతి.

మొన్న మాఘమాసంల లింగస్వామి బిడ్డ పెండ్లి అయింది గదా, గీ కథ గా పెండ్లిది. లింగస్వామి బోరు మోటర్లు బాగుచేసేటోడు. కిడ్నీలు ఖరాబై వానకాలంల పోయిండు. ఒక్కతే బిడ్డ, స్నిగ్ధ. సంబంధం ఆయనున్నప్పుడే ఖాయమైంది కాబట్టి ఏడాది తిరగకముందే చేసేద్దామని పెద్దమనుషులు అనుకున్నరు.

పెండ్లినాడు పొద్దున గులాం నబీ వైర్లు పరుస్తుంటే ఒక పిల్ల లాప్‌టాప్ వట్టుకొని వచ్చింది. స్నిగ్ధ తోని చదువుకున్న దోస్తు, మనస్విని.

"అంకుల్, పాటలన్నీ ఇందుల ఉన్నయి. మీరే పెట్టాలె. ఇగో, ఇదొక్కటి మాత్రం జాగ్రత్త" అని తెర మీద ఒక దాన్ని చూపెట్టింది. "ఇది పాట గాదు. లింగస్వామి అంకుల్ మాట."

నబీ కండ్లద్దాలు సర్దుకొని చూసిండు.

"దవాఖానల ఉన్నప్పుడు నేను చూడవోయిన. ఫోన్ల రికార్డు వెట్టి బయట నిలవడుమన్నడు. ఏం చెప్పిండో నేను గూడ ఇనలే. వస్తుందా లేదా అని మొదటి రెండు మాటలు ఇని బందు చేసిన, గంతే. పుస్తె కట్టి, తలంబ్రాలు పోసుకున్నంక, పెద్దోళ్లు అక్షింతలు ఎయ్యడానికి లేసే ముందట ఇనిపియ్యాలె అన్నడు. గదే టైముకు. ముందూ గాదు, ఎనుకా గాదు. స్నిగ్ధకు గూడ చెప్పొద్దన్నడు. వాళ్లమ్మకు గూడ తెల్వదు."

"ఒకపారి పెట్టి చూడాలె బిడ్డా. నడుస్తుందో లేదో ఎట్ల తెలుస్తది?"

"వద్దంకుల్. స్నిగ్ధ ఈ గోడ అవతల రూముల్నే ఉంది. ఇన్నదంటే ఇక ఆ మొకాన్ని తయారుచేసుడు మా తోని గాదు. పాట పెట్టి చూడుండ్రి, పాట వస్తే ఇదీ వస్తది గదా."

ఆ పిల్ల చెప్పింది సబబే. పాట వస్తే మాట ఎందుకు రాదు? నబీ సరే అన్నడు. సరే అన్నడు గని చనిపోయిన మనిషి మాట తన చేతుల వెట్టిపోయినట్టు అనిపిచ్చి ఆయనకు జర భయమైంది. ఇన్నేండ్లల్ల ఎన్నో శబ్దాలు ఇనిపిచ్చిండు. గిసుంటిది ఎన్నడూ లేదు. ఇది చెడితే మల్ల పెట్టుడుండదు, ఆ పెండ్లి ఇంకోపారి గాదు.

లాప్‌టాప్‌ను మిక్సరుకు కలిపే వైరు ఒకటుంటది. లాప్‌టాప్ దిక్కు ఒక సన్నపిన్ను, మిక్సరు దిక్కు రెండు లావుపిన్నులు. ఎడమది ఒక రంధ్రంల, కుడిది ఒక రంధ్రంల వెట్టాలె. తీసి చూస్తే ఎలుక కొరికింది. పిన్ను ఒకటి ఊడి చేతుల్నే వచ్చింది. ఆ ఎలుకలను వంటోళ్లు మేపుతరు, తిప్పలు ఈయనకు. డబ్బల ఎతికితే ఇంకో వైరు దొరికింది. ఒక దిక్కు సన్నపిన్ను, ఇంకో దిక్కు ఒకటే లావుపిన్ను, దాని మీద రెండు నల్ల గీతలు. సరిగ్గ పట్టింది. పాట వెట్టిండు, డోలు దబదబ మోగింది. గోడ అదిరింది. ఇక ఆఖరి వరుసకు పోయి ఇనాలె అని లేసిండు.

లేసి చూస్తే ఆఖరి వరుసల ఒక మనిషి ఉంది.

మంది అంత టిఫిన్ల కాడ ఉన్నరు. హాలు ఖాళీ. ఆఖరి వరుసల, సరిగ్గ జాహేదా నిలవడే కాడ, ఒక ఆడమనిషి ఒక్కతే కూసోని ఉంది. లేత రంగు చీర, మెడ బోడిగ ఉంది. నబీ సగం దూరం నడిసి ఆగిండు. ఆగుడు చూసి ఆమెనే అడిగింది.

"ఏంది భాయ్, ఎవల కోసం చూస్తున్నవ్?"

"ఎవల కోసం గాదు చెల్లె. పాట అక్కడికి వస్తుందా లేదా అని ఇందామని వస్తున్న."

"గంత దూరం నుంచా? మోకాళ్లు వట్టుకొని నడుస్తున్నవ్."

"ఇంకెవలున్నరు. మా ఇంటామె ఉన్నప్పుడు నువ్వు కూసున్న కాన్నే నిలవడి చెయ్యి లేపేది. ఇప్పుడు నేనే పోయి నేనే ఇంటున్న."

"మా ఆయన గూడ వానకాలంల పోయిండు" అన్నది. గప్పుడు ఎరుకైంది నబీకి, ఈమె సుగుణమ్మ అని, పెండ్లిపిల్ల తల్లి అని.

"మరి ఇక్కడ కూసున్నవేంది చెల్లె? ముంగట ఎంత పని ఉంటది."

"ముంగట మా మరిది ఉన్నడు, తోటికోడలు ఉన్నది. పీటల మీద వాళ్లే కూసుంటరు. నేను ఎదురుంగ ఉంటే బాగుండదు భాయ్. ఎవ్వలన్నా ఏమనలే. అనకముందే మనమే పక్కకు జరిగితే మంచిగుంటది గదా."

మంచిగుండేదేందో ఆమెకే ఎరుక. బిడ్డ పెండ్లికి తల్లి ఆఖరి కుర్చీల కూసునుడు ఏం మంచి? నబీకి కోపమొచ్చింది గని పరాయి మనిషి, పరాయి మతం, ఏమంటడు. మింగిండు.

"ఇక్కడ ఊకెనే కూసున్న" అన్నది సుగుణమ్మ. "నువ్వు పో. నాకు ఇనబడితే నేను లేపుత చెయ్యి."

గులాం నబీ వెనుకకు తిరిగి నడిసిండు. కుర్చీల కూసున్నడు. పాట వెట్టిండు. తలెత్తి చూసిండు. అంత దూరంల, ఆ జాగల, ఒక చెయ్యి మీదికి లేసింది.

ఆ చెయ్యి చూసి ఆయన పాణం ఎట్లనో అయింది. మూడేండ్ల నుంచి ఆ దిక్కు తలెత్తుడు, దించుకునుడు. ఇయ్యాల తలెత్తితే జవాబు ఉంది. ఆయన కండ్లు తుడుసుకొని, మిక్సరు మీద చేతులు వెట్టి ఊకెనే కూసున్నడు. నడుసుకుంట పోయి ఇంకొకపారి ఇనాలె అన్న సోయి గూడ లేదు. రోజూ పోయేటోడు. ఒక్క ఆ నాడే పోలే.

లగ్గం టైముకు హాలు నిండింది. అయ్యగారి మైకు, సన్నాయి మేళం మైకు, అన్నీ సక్కగ నడుస్తున్నయి. జీలకర్ర బెల్లం అయింది. పుస్తె కట్టిండ్రు. తలంబ్రాలు పోసుకుంట పిల్లా పిలగాడు నవ్వుతున్నరు, దోస్తులు ఒర్రుతున్నరు. సుగుణమ్మ ఆఖరి వరుసల అట్లనే కూసోని, ముంగటున్నోళ్ల తలల నడుమకెల్లి మెడ చాపి చూస్తుంది. నబీ మాటిమాటికి ఆమె దిక్కు చూస్తుండు.

తలంబ్రాలు అయినయి. స్టేజి మీదికెల్లి మనస్విని ఆయన దిక్కు చూసి తల ఊపింది. నబీ మేళమోళ్లకు చేత్తోని సైగ చేస్తే ఆపిండ్రు. అయ్యగారి మైకు తగ్గిచ్చి, లాప్‌టాప్‌ది పెంచిండు. బిస్మిల్లా అనుకొని నొక్కిండు.

ఏం రాలే.

తెర మీద గీత కదులుతుంది. అంటే లింగస్వామి మాట్లాడుతుండు. మిక్సరు మీద పచ్చలైట్లు మాత్రం ఎలుగుతలేవు. బటన్ ఇంక పైకి నూకిండు. లేదు. పిన్ను గట్టిగ వత్తిండు. లేదు. హాల్ల ఎవ్వలికీ ఏం తెల్వదు, ఏదన్న రావాలె అని తెలిసినోళ్లు ఇద్దరే. మనస్విని మొకం తెల్లవడ్డది. ముంగటి వరుసల పెద్దమనుషులు పంచెలు సర్దుకొని లేస్తున్నరు. తోటికోడలు అక్షింతల పళ్లెం చేతులకు తీసుకుంది. "ఓ సౌండ్, మేళం ఎందుకు ఆపినవ్?" అని ఎవడో కేకేసిండు.

ఊకుంటే ఊకున్నట్టే అయిపోతుండె. మేళం మల్ల మొదలువెట్టుమంటే పెండ్లి తన తొవ్వల తను పోతుండె, ఎవ్వలూ ఆయన్ను ఏమనకపోదురు. కని పోయిన మనిషి నమ్మి ఇచ్చిపోయిన మాట. పొద్దున వచ్చిన పాట ఇప్పుడెందుకు రాలే? పాట వచ్చింది గదా, డోలు మోగింది గదా, ఆమె చెయ్యి లేపింది గదా.

గప్పుడు యాదికొచ్చింది జాహేదా కేక. గొంతు ఏది?

పొద్దున డోలు మోగింది. గొంతు వచ్చిందా అని ఎవలు ఇన్నరు? ఆయన స్పీకర్ల వెనుక ఉన్నడు. సుగుణమ్మకు చప్పుడు ఇనబడ్డది, చెయ్యి లేపింది. ఆమె తప్పేముంది. ఎడమ చెవిది, కుడి చెవిది రెండు ఉంటయి లాప్‌టాప్ లోపల. రెండింటిని తీసుకపోయి ఆ రెండు గీతల పిన్నుతోని ఒకటే రంధ్రంల వెడితే మిక్సరు ఒకదాంట్లకెల్లి ఇంకోదాన్ని తీసేస్తది. డోలు, బాజా అటొకటి ఇటొకటి ఉంటయి కాబట్టి మిగుల్తయి. మనిషి గొంతు రెండు దిక్కులా ఒకటే తీరుగుంటది, అది మాయమైతది. మనిషి మాట ఒక్కటే ఉన్న రికార్డుల ఇక మిగిలేది ఏముంటది. ఎరుక లేని సంగతి గాదు. ఎరుకుండి గూడ ఒక చెయ్యిని చూసి మురిసి మర్చిపోయిండు.

వేరే వైరు లేదు, ఎతికే టైము లేదు. ఆయన వైరును గుంజి పారేసిండు. గుంజంగనే లాప్‌టాప్ తన చిన్న నోటితోని తనే మాట్లాడింది. ఎవలికీ ఇనబడనంత సన్నగ. నబీ గీతను మల్ల మొదటికి జరిపి, పక్కనున్న చేతి మైకు అందుకొని, దాన్ని లాప్‌టాప్ మూతికి ఆనిచ్చి వట్టుకున్నడు. పొద్దున "హలో హలో" అనే మైకే అది. ఎనుకట రేడియోల వార్తలు ఊరికి ఇనిపియ్యాలంటే గిట్లనే మైకు దగ్గర వెట్టేది. ఇంకో చేత్తోని బటన్ మీదికి నూకిండు.

"స్నిగ్ధా." హాలంత ఒక గొంతు నిండింది. పల్చగ, గరగరమనుకుంట, కని మనిషి గొంతు. "బిడ్డా, నేను బాపును."

పీట మీద పిల్ల తల దిగ్గున లేసింది.

"పుస్తె పడ్డదా బిడ్డా? మంచిగైంది. నేనుంటే ఏడ్సి నీ పరువు తీసేటోన్ని, గందుకే ముందే పోయిన అనుకో." దగ్గు వచ్చింది. దగ్గు అయ్యేదాక హాలంత ఆగింది. "ఎక్కువ మాట్లాడొద్దంటున్నరు వీళ్లు. ఒక్కటే మాట చెప్త. మీ అమ్మ ఏడుందో చూడు. నాకెరుక, ఆఖరి వరుసల కూసుంటది. ఎవ్వలు కూసోమనకున్నా ఆమెనే పోయి కూసుంటది. నేను చచ్చిపోవుడు ఆమె చేసిన తప్పు గాదు బిడ్డా. ఆమెను ముంగటికి తీసుకరా. మొదటి అక్షింతలు ఆమె చేతులకెల్లి పడాలె, నాయి గూడ ఆమెనే ఎయ్యాలె. గంతే." కొద్దిసేపు ఊపిరి చప్పుడొక్కటే వచ్చింది. "సుగుణా, లే."

అయిపోయింది. నబీ మైకు దించలే, అట్లనే వట్టుకొని నిలవడ్డడు. ఆయనకు గోడ అదురు తప్ప ఏదీ తెలుస్తలేదు, మాట ఆఖరి వరుస దాక పోయిందో లేదో ఎట్ల తెల్వాలె? తలెత్తి చూసిండు. సుగుణమ్మ చెయ్యి లేపలే. కొంగు నోటికి అడ్డం వెట్టుకొని కదలకుండ ఉంది. ఇనబడలేదేమో అనుకున్నడు.

గంతల స్నిగ్ధ లేసింది. తలంబ్రాల బియ్యం జుట్టుల నుంచి రాలుతుంటే స్టేజి దిగింది. కొంగుముడి ఉంది కాబట్టి పిలగాడు గూడ బాసింగం సర్దుకుంట ఎనుకెనుక ఉరకవలసొచ్చింది. మంది అందరు కుర్చీలల్ల ఎనుకకు తిరిగిండ్రు. గిన్నేండ్లల్ల ఒక పెండ్లిల జనమంత ఆఖరి వరుస దిక్కు చూసుడు నబీ ఎన్నడూ చూడలే.

"లే అమ్మా" అన్నది స్నిగ్ధ. "బాపు లే అంటుండు గదా."

సుగుణమ్మ లేసింది. బిడ్డ ఒక చెయ్యి వట్టుకుంది, నడుమంతల ఇంకెవలో వచ్చి ఇంకో చెయ్యి వట్టుకున్నరు. ఒక ముసలామె ఏదో గునిగింది గని ఆమె మాట ఎవ్వలూ పట్టిచ్చుకోలే. తోటికోడలే పళ్లెం ఎదురు తెచ్చింది. సుగుణమ్మ రెండు దోసిళ్లు ఏసింది. ఒకటి తనది, ఒకటి ఆయనది. రెండోది ఏసేటప్పుడు గట్టిగనే ఏడ్సింది.

నబీ ఆఖరి వరుస దిక్కు చూసిండు. ఆమె లేసిన కుర్చీ ఖాళీగ ఉంది. అందరు స్టేజి కాడ ఒక్కచోట ఉన్నరు, ఏడుసుకుంట, నవ్వుకుంట. సంబురమే, ఆయనకు గూడ సంబురమే. కని చెప్పుకోను ఎవలు లేరు. ఇంటికి పోయి, "సునో, ఇయ్యాల ఏమైందో ఎరుకనా" అని మొదలువెడితే, "ముందు చేతులు కడుక్కో" అనే మనిషి లేదు. గింత పెద్ద సంగతి లోపల వెట్టుకొని ఆయన సన్నాయోళ్లకు మల్ల మొదలువెట్టుమని సైగ చేసిండు.

మాపటాళ్ల అప్పగింతలైనయి. మనస్విని వచ్చి లాప్‌టాప్ తీసుకుంది. "అంకుల్, ఎందుకు రాలే ముందుగాల?" అని అడిగితే, "నా తప్పే బిడ్డా, ఆఖరి వరుసకు పోయి ఇనలే" అన్నడు. ఆ పిల్లకు అర్థం గాలే, అయినా ఆయన చెయ్యి వట్టుకొని పోయింది. కారు కదిలింది. చుట్టాలు వ్యాన్లు ఎక్కుతున్నరు. హాల్ల కుర్చీలు ఒకదాంట్ల ఒకటి ఏసి ఎత్తుతున్నరు, ఆ దడదడ చప్పుడు తప్ప ఏం లేదు. నబీ వైర్లు చుట్టుకుంట తలెత్తితే, ఆఖరి వరుసల సుగుణమ్మ మల్ల వచ్చి కూసోని ఉంది. బిడ్డను సాగనంపి, ఇంటికి పోబుద్ధి గాక వచ్చి కూసున్నది. ఇంటికి పోతే ఇక ఆమె ఒక్కతే.

"భాయ్" అని ఆడికెల్లే పిలిచింది. "ఆయన మాట గిట్ల దాసిపెట్టిండని నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకనే చెల్లె. ఏం మాటనో ఎరుక లేదు."

"మీ ఇంటామె మాట గూడ ఉందా, గిట్ల యాడనన్న?"

నబీ వైరు చుట్టుడు ఆపిండు. గీ సంగతి ఆయన ఎన్నో రాత్రులు తలుసుకున్నదే. ఊరోళ్ల అందరి మాటలు ఆయన మైకులకెల్లి పోయినయి. సర్పంచులయి, మౌల్సాబులయి, తాగి పాడినోళ్లయి. ఆమె మాట ఒక్కటి పోలే. మైకు ఎప్పుడూ ఈ కొనకు ఆయన చేతుల ఉండె. ఆమె ఎప్పుడూ ఆ కొనకు ఉండె.

"లేదు చెల్లె" అన్నడు.

సుగుణమ్మ అడిగింది. "ఆమె పేరేంది?"

చెప్పిండు. కుర్చీల చప్పుడుల ఆమె దాక పోలే.

"ఆ? ఇనబడలే భాయ్."

మల్ల చెప్పిండు. ఈసారి పేరు సగంల్నే ఆగింది. ఇంట్ల ఎన్నడూ పేరు వెట్టి పిలిచినోడు గాదు. సునో అంటే ఆమె పలికేది, జీ అంటే ఈయన పలికేటోడు, గట్లనే ఏండ్లు ఎల్లిపోయినయి. మైకుల ఎందరి పేర్లు పిలిచిండో ఆయన. కట్నాలు చదివిచ్చినోళ్ల పేర్లు, తప్పిపోయిన పిల్లల పేర్లు, గేటుకు అడ్డం బండి వెట్టినోళ్ల పేర్లు. ఆ ఒక్క పేరు పిలిచే పని పడలే.

బల్ల మీద చేతి మైకు ఇంక బందు చెయ్యలే. నబీ దాన్ని అందుకున్నడు. హలో అనలే, టెస్టింగ్ అనలే. మూతి కాడికి తెచ్చుకొని, మెల్లగ, ఒక్క మాటనే అన్నడు.

"జాహేదా."

కుర్చీలు ఎత్తేటోళ్లు ఆగి చూసిండ్రు. పేరు హాలంత తిరిగి, ఆ గోడకు తాకి, మల్ల ఆయన దాక వచ్చింది. నబీ అలవాటు కొద్ది తలెత్తి ఆఖరి వరుస దిక్కు చూసిండు.

సుగుణమ్మ చెయ్యి లేపింది.